ఫ్లాట్‌బెడ్ లోడుకు తేలికైన టార్పాలిన్ ఎంచుకోవడం ఎలా: కొలత నుంచి కట్టే దాకా

ఫ్లాట్‌బెడ్ (పక్క గోడలూ పైకప్పూ లేని చదును ట్రక్కు) పనిలో ఒంటిని ఎక్కువగా అరగదీసేది టార్పాలినే. నలభై కిలోల పైచిలుకు చుట్టను లోడు మీదికి ఎక్కించాలి, ఎండైనా వానైనా పరవాలి, గాలి వీస్తుంటే నాలుగు వైపులా లాగి కట్టాలి, సరుకు దించాక మళ్లీ మడత పెట్టాలి. అందుకే తేలికపాటి టార్పాలిన్ ఉందనగానే ప్రాణం లేచొస్తుంది. అయితే తేలిక బట్టను బరువు బట్ట వాడినట్టే వాడితే అది ఒక్క సీజన్ కూడా నిలవదు. బట్ట బరువు ఎంత తగ్గించుకుంటే, అంత శ్రద్ధ ఇంకో చోట పెట్టాలి: లోడు మూలల దగ్గర, గాలి దూరే సందుల దగ్గర, లాగి కట్టే పట్టీల దగ్గర. ఆ శ్రద్ధ పెట్టడానికి వీలున్న లోడుకు తేలికది కొనండి. వీల్లేని లోడుకు బరువుదే కొనండి. కింద చెప్పేదంతా ఈ తేడా కనిపెట్టడానికే.

మొదటి అడుగు: ముందు లోడును చదవండి

దుకాణానికి వెళ్లేముందు మీరు ఎక్కువగా మోసే సరుకు ఏదో చూసుకోండి. నెలకోసారి వచ్చే లోడును పక్కన పెట్టి, రోజూ వచ్చేదాన్ని లెక్కలోకి తీసుకోండి.

కోసిన కలప కట్టలు, ఇన్సులేషన్, అట్ట పెట్టెలు, బస్తాలు, ప్లాస్టిక్ చుట్టిన బోర్డులు లాంటివాటి అంచులు మెత్తగానో మొద్దుగానో ఉంటాయి, పైభాగం చదునుగా ఉంటుంది. తేలిక బట్టకు సరిపోయే లోడ్లు ఇవే. ఇనుప ప్లేట్లు, కోసిన చానెళ్లు, కడ్డీలు, బోల్టులు పొడుచుకొచ్చిన యంత్రాలు వేరే సంగతి. ఆ అంచులు బట్టను ఒక్క దెబ్బలో చింపవు. బండి ఊగిన ప్రతిసారీ కొంచెం కొంచెం రుద్ది, వంద కిలోమీటర్లు పోయేసరికి కన్నం చేస్తాయి.

టార్పాలిన్ దేన్ని ఆపాలో కూడా తేల్చుకోవాలి. వాననా, దుమ్మునా, ట్రక్కు పొగ మసినా? ముందువైపు మసి మాత్రమే ఆపితే చాలనుకున్నప్పుడు లోడంతా కప్పే పని లేదు. లోడు ముందువైపుకు చిన్న పట్టా ఒకటి కడితే సరిపోతుంది. సరుకు పంపేవాళ్లు టార్పాలిన్ ఎత్తు, రకం ముందే చెప్పి ఉండొచ్చు, ఆ మాట లోడు ఒప్పుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి.

రెండో అడుగు: కొలత తీసుకోండి, బరువు లెక్క కట్టండి

వెడల్పు లెక్క సులువు. లోడు వెడల్పుకు, రెండు పక్కలా కిందికి జారాల్సిన ఎత్తు కలపండి. ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న కలప లోడుకు 24 అడుగుల వెడల్పు కావాలి. పొడవును సాధారణంగా రెండు ముక్కలుగా కప్పుతారు. 27 అడుగుల ముక్కలు రెండు తీసుకుంటే మొత్తం 54 అడుగులు. 48 అడుగుల లోడు మీద ఆరడుగులు ఒకదాని మీద ఒకటి పడతాయి, అది చాలినంతే. లోడు ముందు, వెనక వైపులు కప్పడానికి ఒక్కో ముక్కకు ఒక చివర ఎనిమిది అడుగుల చదరం తోక ఉంటుంది.

ఇప్పుడు బరువు. బట్ట బరువును కొన్నిచోట్ల చదరపు గజానికి ఔన్సుల్లో చెప్తారు, మిగతాచోట్ల చదరపు మీటరుకు గ్రాముల్లో, అంటే జీఎస్‌ఎంలో చెప్తారు. ఒక ఔన్సు దాదాపు 34 జీఎస్‌ఎం. ట్రక్కుల్లో చాలాకాలంగా వాడే గట్టి పీవీసీ బట్ట 18 ఔన్సులది, అంటే సుమారు 610 జీఎస్‌ఎం. 14 ఔన్సులది 475, 10 ఔన్సులది 340 జీఎస్‌ఎం దగ్గర ఉంటుంది.

24 అడుగులు × 27 అడుగుల ముక్క, తోకతో కలిపి, దాదాపు 66 చదరపు మీటర్లు. 18 ఔన్సుల బట్టయితే బట్ట ఒక్కటే 40 కిలోలు తూగుతుంది. 14 ఔన్సులయితే 31, 10 ఔన్సులయితే 22 కిలోలు. రింగులు, పట్టీలు, అంచు మడతలు దీనికి అదనం. ఇక్కడ ఒక అంకె గుర్తుంచుకోవాలి. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ, పరిస్థితులన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తే బరువుకు 23 కిలోలను హద్దుగా పెట్టింది. నిచ్చెన మీదో జారే లోడు మీదో నిలబడి ఎత్తేటప్పుడు పరిస్థితులు అంత అనుకూలంగా ఏమీ ఉండవు. 18 ఔన్సుల పెద్ద ముక్కను ఒక్కడే ఎత్తకూడదన్న సంగతి ఈ లెక్కతోనే తేలిపోతుంది.

చాలామంది చూడని విషయం ఇంకోటుంది. నాలుగడుగుల ఎత్తు లోడుకు 16 × 27 అడుగుల పట్టా చాలు. 18 ఔన్సుల గట్టి బట్టతో చేసినా దాని బట్ట 24, 25 కిలోలే తూగుతుంది. అంటే పొట్టి లోడుకు సరైన కొలత పట్టా కొంటే, పెద్ద పట్టాను అతి తేలిక బట్టతో కొన్నంత లాభం, పైగా గట్టిదనం ఎక్కడికీ పోదు. మీ లోడ్లు ఎక్కువగా పొట్టివే అయితే బట్ట సంగతి తర్వాత, ముందు కొలత మార్చండి.

మూడో అడుగు: బట్ట ఏ రకమో తేల్చుకోండి

తేలికైన టార్పాలిన్లన్నీ ఒకే జాతివి కావు. బజారులో ప్రధానంగా మూడు రకాలు కనిపిస్తాయి.

పాలిథిలిన్ పట్టా అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చవక. సన్నటి ప్లాస్టిక్ పట్టీలను నేసి, రెండు వైపులా పూత వేస్తారు. ఒకచోట కట్టి ఉంచే సరుకుకు, దగ్గర దూరాలకు పనికొస్తుంది. హైవే వేగంలో మాత్రం కొట్టుకుని కొట్టుకుని నేత విడిపోతుంది. ఎండను తట్టుకునే మందు సరిగ్గా కలపని సరుకైతే కొన్నాళ్లకే పొట్టులా రాలుతుంది. చిరిగితే మామూలు జిగురు దాన్ని పట్టుకోదు, టేపు వేయడమే మార్గం. దూరప్రయాణపు ఫ్లాట్‌బెడ్‌కు నేనైతే దీన్ని కొనమని చెప్పను.

రెండోది తేలిక పీవీసీ, అంటే 10 నుంచి 14 ఔన్సుల బట్ట. లోపల పాలిస్టర్ నేత, దానికి రెండు వైపులా పీవీసీ. నీళ్లు దిగవు, జిగురు పడుతుంది, వేడి గాలితో అతుకు వేసుకోవచ్చు. రోడ్డు మీద పట్టా చిరిగితే పక్కన ఆపి బాగుచేసుకోగలగడం చిన్న విషయం కాదు.

మూడోది సన్న నైలాన్ లేదా పాలిస్టర్ బట్ట మీద సిలికాన్ లాంటి పూత వేసింది. డ్రైవర్లు పారాచూట్ బట్ట అంటారు. బరువుకు తగ్గ బలం చూస్తే దీనిదే పైచేయి, మడిస్తే చిన్న మూటైపోతుంది. లోపాలూ ఉన్నాయి. నైలాన్ తడిస్తే సాగుతుంది, మీరు బిగించిన పట్టా వానలో వదులవుతుంది. ఎండకు పాలిస్టర్ కన్నా తొందరగా బలం పోగొట్టుకుంటుంది. సిలికాన్ పూత మీద పీవీసీ జిగురు అంటుకోదు, దానికి సిలికాన్ జిగురే కావాలి. ఈ రకం కొంటే పాలిస్టర్ నేత ఉన్నదే అడగండి.

కాన్వాస్ గురించి ఒక్క మాట: గాలి ఆడుతుంది, కింద తేమ చెమటలా పట్టదు, కానీ తడిస్తే బాగా బరువెక్కుతుంది. తేలిక కోసం వెతికేవాళ్లకు అది దారి కాదు.

ఈ రకాలకు తోడు, పైభాగం 18 ఔన్సులు, పక్కలు 14 లేదా 10 ఔన్సులు పెట్టి కుట్టిన మిశ్రమ పట్టాలు దొరుకుతాయి. పైన చెప్పిన పెద్ద కొలతలో పైభాగం 18, మిగతాది 10 ఔన్సులైతే బట్ట 28 కిలోలు. అంతా 18తో చేసినదానికన్నా 12 కిలోలు తక్కువ. పై మూలల దగ్గర రాపిడి ఎక్కువ, పక్కల మీద తక్కువ. అందుకని బరువు బట్ట ఉండాల్సిన చోటే ఉంటుంది. ఒకే జత పట్టాలతో రకరకాల లోడ్లు కప్పేవాళ్లకు నా సలహా ఇదే. కుట్టించేటప్పుడు బరువు బట్ట పై అంచు దాటి పక్కలకు ఒక అడుగు దిగేలా చెప్పండి, మూల మీదే కుట్టు పడకుండా ఉంటుంది.

నాలుగో అడుగు: అంకెను నమ్మకండి, ముక్కను పరీక్షించండి

జీఎస్‌ఎం బరువును చెప్తుంది, బలాన్ని చెప్పదు. పీవీసీలో సుద్ద పొడి లాంటి పూరకం ఎక్కువ కలిపితే బట్ట బరువెక్కుతుంది కానీ గట్టిపడదు. బలం లోపలి నేతలో ఉంటుంది: నూలు లావు ఎంత, అంటే డెనియర్ ఎంత, అంగుళానికి ఎన్ని పోగులు. ఒకే బరువున్న రెండు బట్టల్లో నేత దట్టంగా, పూత పల్చగా ఉన్నది ట్రక్కుకు మేలు.

అమ్మేవాళ్ల దగ్గర అరచేతి కన్నా కాస్త పెద్ద నమూనా ముక్క అడగండి. ఇవ్వనంటే అక్కడ కొనకండి. ఆ ముక్కలోంచి సరిగ్గా పది సెంటీమీటర్ల చదరం కత్తిరించి, గ్రాములో పదో వంతు కూడా చూపించే చిన్న త్రాసు మీద పెట్టండి. చదరపు మీటరులో అలాంటి ముక్కలు వంద ఉంటాయి కాబట్టి, వచ్చిన గ్రాములను వందతో గుణిస్తే జీఎస్‌ఎం వస్తుంది. 475 అని చెప్పిన బట్ట 4.7 గ్రాముల దగ్గర తూగాలి. నాలుగే తూగితే చెప్పిన మాట అబద్ధమని తేలినట్టే.

తర్వాత ఆ ముక్క అంచుకు కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చింపి చూడండి. తేలిక బట్టకు అసలు పరీక్ష ఇదే. రోడ్డు మీద ఎక్కడో ఒక గాటు పడక తప్పదు. అది అక్కడే ఆగుతుందా, గాలికి అడుగుల కొద్దీ పాకుతుందా అన్నదాని మీదే మీ సరుకు ఆధారపడుతుంది. మంచి నేతలో పోగులు చిరుగు ముందు గుత్తిగా చేరి అడ్డుపడతాయి, చేతికి ఆ బిగువు తెలుస్తుంది. కాగితంలా సర్రున పోతే వద్దు.

గోటితో కోసిన అంచు దగ్గర పూతను లేపండి. పొరలా ఊడివస్తే అది నేతకు సరిగ్గా అతకని సరుకు. ఎండలో కొన్ని నెలలుంటే బొబ్బలెక్కుతుంది. ముక్కను గట్టిగా మడిచి, మడత మీద నొక్కి పదే పదే రుద్దండి, తెల్ల గీత పడి పగిలితే చలిలో కూడా అలాగే పగులుతుంది. చివరగా వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సూదిమొన చుక్కలు కనిపిస్తే వాన లోపలికి వస్తుంది.

పెద్ద ఎత్తున కొనేవాళ్లు సాంకేతిక పత్రం అడగాలి. అందులో లాగుడు బలం కన్నా చిరుగు బలం ముఖ్యం. రెండు కంపెనీల అంకెలు పోల్చేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో పరీక్షించినవేనా చూడండి. పూత వేసిన బట్టలకు ఏఎస్‌టీఎం డీ751 అనే ప్రమాణం ఉంది. దానిలోనే చిరుగును కొలిచే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. పద్ధతి మారితే అంకె మారిపోతుంది.

ఐదో అడుగు: అంచులు, రింగులు, అతుకులు

మంచి బట్ట కూడా కట్టిన చోటే ముందు తెగుతుంది. అంచును మడిచి, లోపల పట్టీ వేసి కుట్టారా చూడండి. ఇత్తడి ఐలెట్లు, అంటే తాడు దూర్చే రంధ్రాల చుట్టూ బిగించే చుట్లు, అంచుకే ఉంటాయి, లాగుడంతా చిన్న రంధ్రం చుట్టూ ఉన్న బట్ట మీద పడుతుంది. డీ-రింగులను బెల్టు పట్టీ మీద కుట్టి, ఆ పట్టీని పట్టా పొడవునా వేస్తే లాగుడు అంతటా పంచుకుపోతుంది. తేలిక బట్టకు డీ-రింగులే కావాలి. రింగుల మధ్య దూరం రెండడుగులకు మించకూడదు. పక్కల మీద రెండు మూడు వరుసల రింగులుంటే లోడు ఎత్తు తగ్గినప్పుడు పై వరుసకు కట్టుకోవచ్చు, మిగిలిన బట్టను లోపలికి మడవచ్చు.

అతుకుల్లో వేడితో అతికించినది నీటిని బాగా ఆపుతుంది. కుట్టు వేస్తే సూది రంధ్రాల్లోంచి తడి దిగుతుంది, కాబట్టి పైభాగంలో కుట్టు ఉంటే దాని మీద పట్టీ అతికించి ఉండాలి.

ఆరో అడుగు: గాలిని లెక్కలోకి తీసుకుని కప్పండి

గాలి ఒత్తిడి వేగంతో పాటు నేరుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఎదురుగాలి చదరపు మీటరుకు దాదాపు 17 కిలోల బరువుతో నెడుతుంది. 100 దగ్గర అది 48 కిలోలవుతుంది. ముందువైపు సందు దొరికిందంటే పట్టా తెరచాపలా ఉబ్బుతుంది. తేలిక బట్టను చంపేది ఈ ఉబ్బడం, కొట్టుకోవడమే. బిగుతుగా కట్టిన 10 ఔన్సుల బట్ట, వదులుగా వేలాడే 18 ఔన్సుల బట్ట కన్నా ఎక్కువ రోజులు వస్తుంది.

టార్పాలిన్ సరుకును పట్టి ఉంచే సాధనం కాదు. ముందు బెల్టులతోనో గొలుసులతోనో లోడును పూర్తిగా బిగించాలి. తర్వాత మూలలన్నీ చేత్తో తడిమి చూడండి. గుచ్చుకున్న ప్రతి చోటా మందంగా ఏదైనా వేయండి: మూల కాపులు, పాత ఫైర్ హోస్ ముక్కలు, రబ్బరు షీటు, మందపాటి దుప్పటి. బెల్టు బిగించే రాట్చెట్ పిడులను, గొలుసు కొక్కేలను మర్చిపోతారు. పక్కల పట్టాకు కన్నాలు పడేది చాలాసార్లు అక్కడే. ఈ పని కొంత సమయం తీసుకుంటుంది. తేలిక పట్టాకు మాత్రం దీన్ని ఎగ్గొట్టే వీల్లేదు.

పైభాగం మధ్యలో గుంట ఉంటే నీళ్లు నిలుస్తాయి. ఐదు సెంటీమీటర్ల లోతు నీరు చదరపు మీటరుకు 50 కిలోలు. మధ్యలో చెక్క దిమ్మలో నురగ దిమ్మలో పెట్టి, నీళ్లు పక్కలకు జారేలా వాలు చేయండి.

వెనక ముక్కను మొదట పరవాలి. ముందు ముక్క దాని మీద పడాలి. అప్పుడు అతివ్యాప్తి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, గాలి లోపలికి దూరదు. లోడు ముందువైపు తోకను, పక్కల బట్టను మడిచేటప్పుడు మడత నోరు వెనక్కి చూసేలా కట్టండి. తర్వాత మధ్య నుంచి చివరలకు పోతూ, రెండు పక్కలా సమానంగా బిగించండి. ఒక పక్క అంతా కట్టేసి రెండో పక్కకు పోతే బట్ట వంకర పోతుంది. రెండు ముక్కలు కలిసే చోట, ముందు అంచుకు దగ్గరలో పట్టా మీదుగా వెడల్పాటి బెల్టు ఒక్కోటి వేసి, చేత్తో లాగితే వచ్చేంత బిగువు మాత్రమే ఇవ్వండి. ఉబ్బడం దాదాపు ఆగిపోతుంది.

పట్టా కట్టే రబ్బరు పట్టీల్లో ఎండకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు రకం ఎక్కువ నిలుస్తుంది, గడ్డకట్టే చలిలో సహజ రబ్బరు బాగా సాగుతుంది. ఏదైనా సరే, లాగేటప్పుడు మొహం దాని దారిలో పెట్టకండి. కొక్కెం జారి కంటికి తగిలితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు పెట్టుకోండి. లోడు మీద నడవడం తప్పించుకోగలిగితే తప్పించుకోండి. ఫోర్క్‌లిఫ్ట్‌తోనో కప్పే ప్లాట్‌ఫారంతోనో పని జరిగే చోట దాన్నే అడగండి. తేలిక పట్టాను గాలి ఒక్కసారిగా లేపితే మనిషిని కూడా లాక్కుపోతుంది. పైన ఉన్నప్పుడు దాన్ని చేతికో నడుముకో చుట్టుకోవడం ఎప్పుడూ చేయకండి.

బయల్దేరాక మొదటి కొన్ని కిలోమీటర్లలోనే ఒకసారి ఆపి చూడండి. సరుకు సర్దుకుంటుంది, పట్టా వదులవుతుంది. నైలాన్ అయితే వాన పడిన ప్రతిసారీ చూడాలి.

ఏడో అడుగు: వేడి, చలి, చెమట

చల్లగా ఉన్న ఇనుము వెచ్చటి తేమ గాలిలోకి వస్తే దాని మీద నీరు పేరుకుంటుంది. గాలి ఆడని పట్టా కింద ఆ తడి ఆరదు. జింకు పూత ఉన్న రేకుల మీద తెల్ల తుప్పు వచ్చేది ఇలాగే. అలాంటి సరుకుకు కింది వైపు కొంత గాలి ఆడేలా, పట్టా సరుకును నేరుగా అంటకుండా దిమ్మలు పెట్టి కప్పండి. మిల్లు నుంచి వేడిగా వచ్చిన సరుకు మీద పీవీసీ వేయకండి, మెత్తబడి అంటుకుపోతుంది. గట్టి చలిలో పీవీసీ బిరుసెక్కుతుంది. అప్పుడు మడతలు విసురుగా తన్ని తెరిస్తే పగుళ్లు వస్తాయి. చలి ప్రాంతాలకు పోయేవాళ్లు కొనేముందే ఎంత చలి దాకా పగలదని రాసిచ్చారో చూడాలి.

ఎనిమిదో అడుగు: మడత, మరమ్మతు, మార్పు

తడి పట్టాను మడిచి పెట్టెలో పెట్టాల్సి వస్తే, వీలు దొరకగానే తీసి ఆరబెట్టండి. పీవీసీకి బూజు మరకలు పడతాయి, లోపలి నేతకు తడి ఎక్కుతుంది. ఎప్పుడూ ఒకే గీత మీద మడవకండి, ఒక్కోసారి అర అడుగు జరిపి మడవండి.

చిన్న కన్నం కనిపించిన రోజే అతుకు వేయాలి. పీవీసీకి చిరుగు రెండు వైపులా శుభ్రంగా తుడిచి, మూలలు గుండ్రంగా కోసిన ముక్కను జిగురుతోనో వేడి గాలితోనో అతికించండి. మూలలు చదరంగా ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. అతుకు కన్నం అంచు దాటి అన్ని వైపులా రెండంగుళాలు రావాలి.

ఆరు నెలలకోసారి పట్టాను నేల మీద పరిచి, ఎండ ఎక్కువ తగిలే పైభాగాన్ని, నీడలో ఉండే అంచు మడత లోపలి భాగాన్ని పక్కపక్కన పట్టి చూడండి. పైభాగంలో రంగు వెలిసి, పూత పొడిలా చేతికంటుతూ, లోపలి నూలు గళ్లు కనిపిస్తుంటే ఆ పట్టా వాన ఆపే రోజులు అయిపోయాయి. దాన్ని పారేయకుండా ముక్కలుగా కోసి, మూలల దగ్గర మెత్తగా వేసే గుడ్డలుగా వాడుకోవచ్చు.